సూదంటురాయి

మర్డీనా నేసిన తాను ఈసారి
ముప్ఫై ఒక్క చోట్ల ఆగింది.

మిల్లులో నా పని అదే. దీపపు బల్లమీద బట్ట పరిచి
పేక ఎక్కడ తడబడిందో వెతికి, సుద్దముక్కతో గీసి,
పుస్తకంలో రాసి,
ఆ తర్వాత సూది పట్టి ఏమీ జరగనట్టు కుట్టేయడం.
ఇన్నేళ్ళలో ఆమె తానులో నాకు దొరికిన పని తక్కువ.
లూయిస్ దీవి గాలికి షెడ్డు రేకులు లేచిపోయిన రాత్రి కూడా
ఆవిడ మగ్గం మాట తప్పలేదు.

ఇప్పుడేమో బారెడుకో సన్నటి గీత.
తొక్కే కాలు ఆగి, మళ్ళీ మొదలైనప్పుడు పడే గీత.
మోకాళ్ళే అనుకున్నాను. డెబ్బై మూడు మరి.

శనివారం బస్సు దిగి
పీట్ తవ్విన గుంటల పక్కనుంచి నడిచి వెళ్ళాను.
షెడ్డులో మగ్గం టకటకా, టకటకా,
టక్.

"మళ్ళీ అతుక్కున్నావుటే, మొద్దుదానా" అంటూ
మర్డీనా మగ్గం కిందకి వంగింది.

అక్కడ ఫ్లీట్. ఫ్లీట్ అంటే వడి.
పేరు పెట్టిన రోజుల్లో అబద్ధం కాదు,
కొండమీది మందనంతా ఒక్క చూపుతో మడతపెట్టేది.
ఇప్పుడు వెనక కాళ్ళు రెండూ అరువు తెచ్చుకున్నట్టుంటాయి,
లేవబోతే ఒకటి మొరాయిస్తుంది, కూర్చోబోతే రెండోది.
మెడకి కొత్త పట్టీ, లోపల కుట్టిన ఆరు బిళ్ళలు,
అబర్డీన్ నుంచి తపాలాలో వచ్చిన సూదంటురాళ్ళు.
నొప్పిని లాగేస్తాయట.

నొప్పి సంగతేమో గానీ
మగ్గం ఇనప కాలుని మాత్రం బాగా లాగాయి.

"డాక్టరేమన్నాడు?"
"ఋజువు లేదన్నాడు. నష్టమూ లేదన్నాడు.
మాత్రలు మానొద్దన్నాడు, మానలేదు.
బరువు తగ్గించమన్నాడు. అదే కష్టం" అంటూ
నా చేతిలో బిస్కట్టు సగం విరిచి దానికే పెట్టింది.

రోజూ దీపాలవేళ పట్టీ విప్పి చూస్తుందట:
రెండు గుండుసూదులు, కంచె మేకు ఒకటి,
ఎవరిదో గొడుగు చువ్వ ముక్క,
నిరుడు పోయిందనుకున్న నూనెడబ్బా మూత.
కిటికీలో జాడీ సగం నిండింది.
"దీనికి పని మానడం చేతకాదు.
గొర్రెలు లేకపోతేనేం, మేకులు తోలుకొస్తోంది."

"మెట్టెక్కుతోందా?"
"మంగళవారం ఎక్కింది."
"మిగతా రోజులు?"
"మంగళవారం ఎక్కిందన్నానా లేదా?"

పక్కగదిలో పడుకోబెట్టొచ్చుగా అన్నాను.
ఇద్దరూ నావైపు ఒకేలా చూశారు.

గీతకి ఇంతని మిల్లు కోసుకునే కూలి సంగతి
చెప్పడానికే అంతదూరం వెళ్ళాను.
టీ తాగాను. చలి గురించి మాట్లాడాను.
వెళ్ళేముందు ఫ్లీట్ తల నిమరబోతే
కోటు అంచున గుచ్చుకున్న నా సూది
ఒక్కసారి అటు తిరిగి, దూకింది.
నేను తీసుకోలేదు.
జాడీలోకి అదీ చేరి ఉంటుంది సాయంత్రానికి.

సోమవారం కొత్త సూది అడిగాను.
ముప్ఫై ఒక్క గీతలూ వేలితో తడుముతూ కుట్టాను,
భోజనానికి లేవకుండా.
సుద్దముక్క జేబులోనే ఉంది.