ఎడమవైపు సొట్ట

పుదుపేటలో నిజాముద్దీన్ భాయ్ దాన్ని
తూకానికి అమ్మాడు.
నలభై ఆరు కిలోలు. చైను లేదు, సీటు లేదు,
సైలెన్సర్‌లో ఏదో ఎలుక కాపురం చేసి
ఖాళీ చేసి వెళ్ళిన పేలికలు.
"పిల్లల బండి సార్, మట్టిలో ఎగిరే బండి,
షోలవరం పందేల నాటిది" అన్నాడు
ఎప్పుడూ రెండు కిలోలు ఎక్కువే చూపే త్రాసు వైపు చూడకుండా.

చూలైలో మాది రెండో అంతస్తు.
మెట్ల మలుపులో హ్యాండిల్ తిరగదు.
వీధిలోనే విప్పి
మూడు బియ్యం సంచుల్లో మోసుకొచ్చాను.
తిలకవతి అమ్మ తలుపు సందులోంచి
"పాత ఇనప కొట్టు పెడుతున్నావా నాయనా" అంది.
వకుళ ఏమీ అనలేదు.
అనకపోవడం తన దగ్గర చాలా పెద్ద మాట.

నా పని పళ్ళు కట్టడం.
ఇరవై ఆరేళ్ళుగా ఎవరెవరివో నవ్వులు
నా బల్ల మీద ముందు మైనంలో నవ్వుతాయి.
మనిషిని చూడను. అచ్చు వస్తుంది, అంతే.
ఏ వైపు నములుతారో
నిద్రలో ఎవరు పళ్ళు కొరుకుతారో
అచ్చే చెప్పేస్తుంది.

కార్బొరేటర్ జెట్‌లో ఎండిపోయిన పెట్రోలు
తుమ్మజిగురులా బిగుసుకుపోయింది.
డాక్టరమ్మ పారేసిన, పంటి వేరులో దూర్చే సన్నసూదితో
మూడు రాత్రులు కెలికాను.
నాలుగో రాత్రి కంటి దగ్గర పెట్టుకు చూస్తే
ఆవగింజలో పావంత
వీధిదీపం.

పిస్టన్ రింగు మటుకు ఊరంతా వెతికినా లేదు.
కొండితోపులో లేతు పట్టే ఏలుమలై
మరేదో మోపెడ్ రింగుని ఆకురాయితో అరగదీసి ఇచ్చాడు.
డబ్బులు వద్దన్నాడు. పైవరసలో రెండు పళ్ళు అడిగాడు.
కట్టిచ్చాను.
నిజం చెప్పాలంటే, రింగు కన్నా అవే బాగా కుదిరాయి.

ట్యాంకు గీకుతుంటే
ఆకుపచ్చ కింద ఎరుపు, ఎరుపు కింద పసుపు,
పసుపు మీద ఎవరో చేత్తో రాసిన పదిహేడు.
ఏడు నడుముకి అడ్డంగా ఒక గీత.
గేరు పెడల్‌కి అతికించిన బోల్టు ముక్క —
కాలు అందని పిల్లకో పిల్లాడికో
ఒక అంగుళం దగ్గరగా జరిపిన లోకం.
ఎడమ ఫుట్‌రెస్టు పళ్ళు మొత్తం అరిగిపోయాయి.
ఎడమ లివరు చివర విరిగి, రాసి, నున్న చేసి ఉంది.
ట్యాంకు ఎడమవైపు నా పిడికిలి పట్టేంత సొట్ట.
ఎప్పుడూ ఆ పక్కకే పడేది కాబోలు.
లేచేది కూడా.

సొట్టలో పుట్టీ నింపాను. ఆరాక రుద్దాను.
నా పనితనం మీద నాకే ముచ్చటేసింది.
ఆ రాత్రి వకుళ మొదటిసారి దాన్ని ముట్టుకుంది.
వేలు నున్నగా జారిపోయి ఆగి
"ఇక్కడేదో ఉండాలిగా" అంది.

వెనక ఒకావిడ
తన పాత వంకర పన్నే మళ్ళీ కావాలని కబురు పెట్టింది,
తిన్నగా కడితే మనవడు దగ్గరికి రావట్లేదట.
అది గుర్తొచ్చింది.
పొద్దున్నే లేచి పుట్టీ గీకేశాను.

ఆదివారం, మేడ మీద.
ఇరవై రెండు తన్నులకి నా పిక్క పట్టేసింది కానీ
దాని గుండె కదల్లేదు.
ఇరవై మూడోదానికి తుమ్మింది.
ఆనక ఒక్కసారిగా రేకుల షెడ్డు మీద శనక్కాయలు పోసినట్టు
పటపటపటపట,
తిలకవతి అమ్మ వడియాల మీంచి నీలం పొగ,
పావురాలు ఎగిరిపోయి పక్క మేడ మీద వాలి మావైపే చూపు.
ఎనిమిది సెకన్లు.
క్లచ్ కేబుల్ ఎప్పుడు తెగిందో నాకు తెలీదు.

ఈ ఇంట్లో దీనికి సరిపడే మనిషి లేరు.
సీటు నా మోకాలు దాటి జానెడు, అంతే.
వకుళ కుచ్చిళ్ళు దోపుకుని ఎక్కి కూచుంది,
మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి.
రెండు చేతులా హ్యాండిల్ పట్టుకుని
కాసేపు ఎటో చూసి
"ఎడమకి కాస్త లాగుతోందండీ" అంది.

బండి ఇంకా ఇటుకల మీదే ఉంది.