గట్టు తగాదా

పదింటికి గేటు తెరుస్తారు.
ట్రాక్టరు నంబరు, నా నంబరు, డబ్బాలో రొట్టెల లెక్క
రాసుకుని వదులుతారు.
నాలుగింటికల్లా వెనక్కి రావాలి.
నా పొలానికి నేను
ఆస్పత్రిలో రోగిని చూడబోయే చుట్టంలా వెళ్తాను.

కంచె దాటాక ఆరెకరాలు.
చెరకు వెయ్యకూడదు, పత్తి వెయ్యకూడదు,
మనిషిని దాచేంత ఎత్తు ఏదీ పెరక్కూడదు.
వరికీ గోధుమకీ మాత్రం
నమ్మకస్తులని పేరు.

ఆరెకరాల చివర తెల్ల పిల్లరు.
పిల్లరుకి అవతల అతను.

ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను, పేరు తెలియదు.
మేం ఒంటె అంటాం, మెడ ముందుకు చాచి నడుస్తాడని.
నన్ను అతను ఏమంటాడో.
ఏదో ఒకటి అనే ఉంటాడు,
పొరుగువాడికి పేరు పెట్టకుండా ఎవడుంటాడు?

ఎడమ మోకాలు నొప్పి అతనికి.
నీళ్ల ఇంజను మూడో తిప్పుకి గానీ అందుకోదు.
ఒక చలికాలం కొడుకుతో వచ్చాడు,
మరుసటి చలికాలం ఒంటరిగా,
ఆ తర్వాత ఎప్పుడూ ఒంటరిగానే.
దుబాయి వెళ్లాడేమో అనుకున్నాను.
లాహోరులో కొలువేమో అనుకున్నాను.
మూడోది అనుకోలేదు.

ఇంతే నాకు తెలిసింది.
మిగతాది రాత్రి టీవీలో చెబుతారు.

అక్టోబరులో ఒకే మధ్యాహ్నం ఇద్దరం అగ్గిపుల్ల గీస్తాం,
ఒకే రకంగా దగ్గుతాం.
మర్నాడు మా వాళ్లు అది వాళ్ల పొగంటారు.
వాళ్ల వాళ్లూ ఊరుకోరు కదా.

నిజం చెప్పాలంటే నాకూ అనుమానమే,
ఏటా ఒక చాలు ఇటు జరుపుతున్నాడని.
పిల్లరు కదలదు, కొలిచి పాతినది,
అయినా జానెడు పోయినట్టే ఉంటుంది.
సొంత అన్నతో ఇలాంటి జానెడు కోసమే
ఏడేళ్లు ఫాజిల్కా కోర్టు మెట్లెక్కాను.
అన్నని తిట్టడానికి నోరుంది,
ఇతన్ని తిట్టడానికి అనుమతి లేదు.

ఆ ఏడు గోధుమ పసుపు తిరిగాక
గురుద్వారా మైకులో ఊరు ఖాళీ చెయ్యమన్నారు.
నసీబ్ కౌర్ గేదెని విప్పింది.
మనవడు కుక్కపిల్లని చంకనెత్తుకున్నాడు.
ట్రాలీ మీంచి చూస్తే అవతలా దుమ్ము,
వాళ్లూ బళ్లు కట్టినట్టున్నారు.
"తాతా, మనం వాళ్లకి భయపడి పోతున్నాం,
వాళ్లు ఎవరికి భయపడి?"
నోరు మూసుకోమన్నాను.

పద్దెనిమిది రోజులకి తిరిగొస్తే
సగం గింజ నేల మీద,
అడవిపందులు పొర్లిన పొలం.
పిల్లరు పక్క నా రెండు సాళ్లు మాత్రం
ఎవరో కోశారు.
కోసి, కట్ట కట్టి, పిల్లరుకి ఆనించారు.
ముడి మా ఊరి ముడి కాదు.
కట్టలో ఉండాల్సినంత లేదు.

"దొంగ" అన్నాడు నా కొడుకు హర్‌బీర్.
"కూలి తీసుకున్నాడులే" అన్నాను,
ఎందుకన్నానో.
టవరు దిగొచ్చిన జవాను ఇద్దర్నీ వెనక్కి నెట్టాడు.
లోపల ఏముందో ఎవరికి తెలుసు?
కుక్క వచ్చింది,
చుట్టూ రెండుసార్లు తిరిగి, మూతి పెట్టి, తుమ్మింది.
అయినా కాల్చేశారు.
పేలాల మంగలంలోలా చిటపట,
అంతే పేలింది.

అవతల అతను నిలబడి చూస్తున్నాడు.
ఇచ్చినదాన్ని తగలబెట్టారనుకున్నాడో,
పీడా పోయిందని ఊపిరి పీల్చుకున్నాడో,
మెడ మాత్రం అలాగే చాచి ఉంది.

చెయ్యి ఎత్తకూడదు.
తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాను,
అవసరం లేకపోయినా,
నెమ్మదిగా.
అతను కాసేపు చూసి
ఇంజను వైపు కుంటుకుంటూ పోయాడు.

నాలుగు కావొస్తోంది.
గేటు వైపు నడుస్తూ, వెనక్కి తిరక్కుండా,
లెక్కపెట్టాను.
ఒకటి.
రెండు.