రెండు వేళ్ళ మేర

ఆ ఆకాశాన్ని నల్లగా చేసింది నేనే.
నిజానికి ఆ రోజు ఎండ కాసిందట,
మంచు మీద పడి కళ్ళు చిట్లించేంత ఎండ.
చీకటిగదిలో అట్టముక్క అడ్డుపెట్టి
పిల్ల మొహాన్ని వెలుగు సోకకుండా కాచి
పైన మాత్రం పన్నెండు అంకెలు లెక్కపెట్టాను.
పన్నెండో అంకెకి మబ్బు పట్టింది.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు.
హెల్సింకిలో ఓ పత్రిక ఆఫీసు, నేలమాళిగ,
ఎంత కడిగినా చేతులకి పులిసిన వాసన.
సంధి కుదిరి, సరిహద్దు గీత ఇటు జరిగి,
కరేలియా ఊళ్ళకి ఊళ్ళు మంచులో నడుస్తున్న రోజులు.
తావి రౌతియో పంపిన ముప్పై ఆరు బొమ్మల్లో ఒకటి:
తన ఒళ్ళంత గోడగడియారాన్ని
చంటిబిడ్డలా ఎత్తుకున్న పిల్ల.
ముళ్ళు నాలుగూ పది దగ్గర.

ద్రావకంలో ముందు గడియారం తేలింది,
తర్వాత కళ్ళు,
ఆఖరున, ఎడమ అంచున, ఒక చెయ్యి.
ఊలు తొడుగు, బొటనవేలి దగ్గర చిరుగు,
పిల్ల వైపు చాచిన రొట్టెముక్క.
మోచేతి దాకానే ఉంది తల్లి.

వాల్‌గ్రెన్ గారు తడికాగితాన్ని దీపం దగ్గరికి పట్టి
"ఈ చెయ్యెందుకు?" అన్నారు.
మంచాయనే. ఇద్దరు కొడుకుల్ని ఆ చలికాలమే పోగొట్టుకున్నాడు.
"చెయ్యి ఉంటే ఇది ప్రయాణం.
లేకపోతే యుద్ధం."
నేను కత్తెర తీశాను.
రెండు వేళ్ళ మేర.

ఇక దేశమంతా ఆ పిల్లకి అమ్మ అయిపోయింది.
గోడలకి అంటించారు, పాఠాల్లో అచ్చేశారు,
స్టాక్‌హోంలో ఎవరో ఆ బొమ్మ చూపించి దుప్పట్లు పోగుచేశారు,
నిజం దుప్పట్లు, వెచ్చనివి, కాదనను.
నాలుగూ పది మీద పండితులు వ్యాసాలు రాశారు.
తెల్లవారుజామని ఒకరు, మునిమాపని ఒకరు,
చరిత్రకి ఊపిరాగిన నిమిషమని ఇంకొకరు.
మొన్న మ్యూజియంలో ఓ కుర్రాడు
"ఆకాశం కూడా ఏడుస్తోంది చూడు" అన్నాడు పక్కపిల్లతో.
నేను వెనకే నిలబడి పన్నెండు దాకా లెక్కపెట్టుకున్నాను.

నెగటివు, నలభై నాలుగు ఫిబ్రవరి బాంబులకి
ఆఫీసుతో పాటే కాలిపోయింది.

డెబ్భై ఒకటిలో వచ్చింది ఆమె.
హెల్లిన్. లాహ్తిలో బేకరీ నడుపుతోందట.
మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగి
కుర్చీ అంచున కూచుంది, ఆయాసంతో.
గడియారం సంగతి నేనే అడిగాను.
"అదా? తాళంచెవి ఇంట్లోనే మరిచిపోయాం.
స్లెడ్జి కుదుపుకి ముళ్ళు ఎటంటే అటు తిరిగేవి."
నవ్వితే పైపన్ను ఒకటి లేదు.

తర్వాత సంచి విప్పి, మూసి, మళ్ళీ విప్పి
"మా అమ్మ ఆ పక్కనే నడుస్తోంది" అంది.
"మంచు కరగక ముందే పోయింది, జ్వరం.
ఆమె బొమ్మ ఒక్కటీ లేదు మాకు.
మీ దాంట్లో ఏ మూలైనా ఉండుంటుందేమో అని..."

ఎన్ని వేల కాపీలు వేశాం!
వాటన్నిటిలోనూ ఆ రెండు వేళ్ళ మేర లేదు.
మిగిలింది నా కళ్ళల్లో.
చెప్పాను: చెయ్యి, చిరుగు, రొట్టె.
వేళ్ళు ఎలా వంగాయో నా వేళ్ళు వంచి చూపించాను.
ఆమె నా చేతినే చూస్తూ ఉండిపోయింది,
అది నాది కానట్టు.

"తొడుగు ఎరుపే కదా?" అంది.

నలుపు, తెలుపు, మధ్యలో పదహారు రకాల బూడిద,
నాకు తెలిసిన రంగులు అవే.
ఎరుపు మా గదిలో దీపానిది,
కాగితం మీదికి ఎన్నడూ దిగి ఎరగదు.
"ఎరుపే" అన్నాను.
"బాగా ఎరుపు."

తలూపింది.
సంచిలోంచి గుడ్డమూట తీసి బల్ల మీద పెట్టింది.
పొద్దుటి రొట్టె.
తినమంది, నేను తినేదాకా లేవలేదు.
ఉప్పు కాస్త ఎక్కువైంది.