గీతకు పైన

ఆకాశానిది పెద్ద నోరు.
అది మాట్లాడుతున్నంతసేపూ
నేల చెప్పేది కెమెరాకు వినపడదు.

అందుకే ఈ గాజుపలక.
అరచేతికన్నా కాస్త వెడల్పు,
పైసగం మసిబారిన లాంతరు చిమ్నీ,
కిందిసగం కడిగి బోర్లించిన మంచినీళ్ల గ్లాసు.
మూడు స్టాపులు, అంటే పైనుంచి వచ్చే వెలుతురులో
ఎనిమిదో వంతుకే గుమ్మం తీస్తుంది.
మెత్తని అంచుది కొండలకు,
కత్తి అంచుది సముద్రానికి.
ఫారో దీవుల్లో రెండూ ఒకే జేబులో ఉండాలి.
చినుకులు తుడవడానికి
పాత బనీను ముక్క ఇంకో జేబులో.

పద్దెనిమిదేళ్లప్పుడు నాకివేవీ లేవు.
మా మేనమామ తుమ్మస్ పడవల రేవులో వెల్డరు,
తన ముసుగులోంచి అద్దం ఊడదీసి ఇచ్చాడు.
దాంతో తీసిన ప్రతి ఫొటోలో
పైనా కిందా ఒకటే చీకటి,
అమ్మ ముఖంతో సహా అంతా పాకుడు పచ్చ.
"నిప్పును చూడ్డానికి చేసిందమ్మాయ్,
మనుషుల్ని చూడ్డానికి కాదు."
నవ్వాననుకుంటా.

మొన్న అక్టోబరులో
ఉన్ని సంఘం వాళ్ల క్యాలెండరు పని.
"మబ్బులు బెదిరిస్తున్నట్టుండాలి," అన్నారు ఆఫీసులో,
"మనిషి ఎవరైనా పర్లేదు."
ఎవరైనా అంటే హైని.
డెబ్బై ఒక్కేళ్లు, నూట పన్నెండు గొర్రెలు,
చెవి సగం తెగిన కుక్క.

కొండ కొసన నిలబడ్డాడు, వెనక సముద్రం.
నేను కత్తి అంచు అద్దాన్ని
వెంట్రుకవాసి, మరో వెంట్రుకవాసి దించాను
దాని గీత నీటి గీత మీద కూర్చునేదాకా.
మబ్బులకు కండలొచ్చాయి.
గడ్డికి తను పచ్చగా ఉంటానని గుర్తొచ్చింది.
హైనికి మాత్రం తల లేదు.
భుజాల దాకా స్వెట్టరు అల్లిక పోగు పోగూ లెక్కపెట్టొచ్చు,
ఆపైన, ముఖం ఉండాల్సిన చోట, బొగ్గు.

గాజుకు మనుషులు తెలియరు.
గీత దాటి లేచిందల్లా దానికి ఆకాశమే:
దీపస్తంభం, చర్చి శిలువ, ఎగిరే పక్షి.
తలెత్తుకు నిలబడినవాడి ముఖం మాడుస్తుంది.
ఇన్నేళ్లూ కొండ కొమ్ములు నల్లబడుతుంటే
అందం అనుకున్నాను.

నేనే వెనక మెట్ట ఎక్కితే
నీటి గీత అతని తలమీదికి లేచేది.
ఆ మెట్టను అప్పటికే మంచు మింగేసింది.
"కాస్త కూర్చుంటారా?"
"కూర్చుంటే నాకేదో అయిందని
గొర్రెలు కంగారు పడతాయి."

అద్దం పైకి లాగేశాను.

ఆకాశం ఒక్కసారిగా అరిచి అరిచి
తెల్లగా గొంతు పోగొట్టుకుంది.
ఒక్క మబ్బూ మిగల్లేదు.
కానీ అదిగో, ఎడమ కనుబొమలో ఉప్పు,
గడ్డంలో చిక్కుకున్న ఉన్నిపోగు,
ఎప్పుడైపోతుందా అని నన్ను భరిస్తున్న చూపు.

ఆఫీసు వద్దంది.
అక్టోబరు పేజీకి ఉత్త గొర్రెల్నే వేసుకున్నారు, వెనక మంచి ఆకాశం.
నేను హైనికి ఒక ప్రింటు పంపించాను
తప్పు ఒప్పుకుంటూ ఉత్తరంతో.
జవాబు రాలేదు.

మే నెలలో అటువైపు పనిబడి తలుపు తట్టాను.
వంటింట్లో, కెటిల్ పక్కన, నాలుగు మేకులతో ఆ ఫొటో.
"ఆకాశం పాడైపోయింది," అన్నాను మళ్లీ.
"పాడవడమేంటి? మంచి కాగితం," అన్నాడు టీ పోస్తూ.

దగ్గరికి వెళ్లి చూశాను.
మబ్బులుండాల్సిన చోట పెన్సిలుతో
ఈ ఏటి గొర్రెపిల్లల లెక్క.
ముప్పై ఏడు.
దాన్ని కొట్టేసి, కింద,
ముప్పై ఆరు.