గచ్చు కింది గుర్రం

పొయ్యి ముందు రాతిపలక లేపి
ఫిన్‌బార్ గునపం పక్కన పెట్టాడు, టోపీ తీశాడు.
"అట్రాక్టా, ఇక్కడెవరో ఉన్నారు."

ఉన్నది గుర్రం. తల మాత్రమే, కింది దవడ కూడా లేదు.
రెండు రాళ్ల మీద పళ్లు ఆనించి
మా వంటింటి అడుగున, ఎన్నేళ్లుగానో,
పైన ఎవరు నడుస్తున్నారో వింటున్నట్టు.
టీ డికాక్షన్ రంగు. తడిసిన పుస్తకమంత బరువు.

వేడినీళ్ల గొట్టాల పని ఆగిపోయింది.
కోల్మన్ ఒక్కటే అన్నాడు:
"సూపు కాచే గిన్నెలో మాత్రం వద్దు."
ఉడకబెట్టనన్నాను.
పదేళ్లప్పుడు ఒక గొర్రె తల ఉడకబెట్టి తెలుసుకున్నాను,
కొవ్వు పోదు, లోపలికి పారిపోతుంది,
ఏళ్ల తర్వాత పచ్చటి చెమటై బయటికొస్తుంది.

గోరువెచ్చటి నీళ్లు, పాత టూత్‌బ్రష్.
ముక్కు లోపల చుట్టలు చుట్టుకున్న ఎముక
ఉల్లిపొర కన్నా పలచన.
గడ్డి వాసన, వాన వాసన పట్టిన ఎముక అది.
దానికి బ్రష్ కూడా మొరటే.
ఊపిరితో ఊది మట్టి రాల్చాను.
కంటిగూట్లోంచి ఒక వేరు, ఒక నత్తగుల్ల,
ఎవరిదో చొక్కా గుండీ.

ఎండలో పెట్టకూడదు, మా క్లేర్ తీరంలో ఎండెక్కడిది గనక!
హీటరు దగ్గరా పెట్టకూడదు.
తొందరపెడితే తడి ఎముక బీటలిస్తుంది.
మెట్ల కింద, పాత పేపర్ల మీద,
మంచం పట్టిన మనిషిని ఒత్తిగిలబెట్టినట్టు
రోజుకోసారి పక్కకి తిప్పాను.

ఆరేకొద్దీ పళ్లు వదులయ్యాయి.
వేలెడంత పొడుగు ఒక్కోటి.
పెన్సిల్‌తో అంకెలు వేసి గుడ్ల అట్టలో పేర్చాను.
పద్ధెనిమిది ఉండాలి. పదిహేడున్నాయి.
మళ్లీ లెక్కపెట్టాను. పదిహేడే.

చెక్కిలి ఎముక మీద, గోరంత మేర,
పెరాక్సైడ్ అద్దాను. నురగ లేచింది.
కింద తెలుపు, దుకాణంలో కొన్న తెలుపు.
గబగబా కడిగేశాను.
ఆ మచ్చ ఇంకా అలాగే ఉంది.

పెచ్చులూడే చోటల్లా
పది వంతుల నీళ్లలో ఒక వంతు జిగురు కలిపి
కుంచెతో తాగించాను. తాగుతూనే ఉంది.
అల్మరాలో పై అర ఖాళీ చేసి ఉంచాను.

అప్పుడొచ్చాడు జార్లత్, కర్ర పొడుచుకుంటూ,
తొంభై దగ్గరపడ్డ మనిషి.
బొటనవేలితో పళ్ల అరుగుదల తడిమి
"ఇరవై దాటాయి. కోరపళ్లు లేవు, ఆడదే" అన్నాడు.
కాసేపు ఊరుకుని,
"దయ్యాలకి భయపడి పాతారనుకున్నావా? చప్పుడు కోసం.
మడమ పలక మీద పడితే
కింద ఖాళీ తల మోగాలి.
డప్పు కొనే స్తోమతు లేని ఊరమ్మా ఇది.
మా పిన్ని ఇక్కడే ఆడేది.
నన్ను రానిచ్చేవాళ్లు కాదు, చిన్నవాణ్ణి.
రోడ్డు మీద వానలో నిలబడి ఆమె కాలు విన్నాను."
అల్మరా వైపు చూశాడు. ఇంకేమీ అనలేదు.

గురువారం కాంక్రీటు.
బుధవారం రాత్రి ఫోన్ చేశాను,
"ఆ మూల చుట్టూ గొట్టం వంచగలవా?"
ఎందుకని ఫిన్‌బార్ అడగలేదు.
ఎంత మేరకని మాత్రం అడిగాడు.

ఇప్పుడు ఇల్లంతా అరికాళ్లకి వెచ్చన,
పొయ్యి ముందు ఒక్క పలక తప్ప.
అక్కడ ఎముకలు కొరికే చలి.
పిల్లి చుట్టు తిరిగి పోతుంది.
కోల్మన్ మరిచిపోయి తొక్కి, నన్ను తిట్టి,
మర్నాడు మళ్లీ తొక్కుతాడు.

ఎవరూ లేనప్పుడు నేను మడమతో ఒకసారి కొడతాను.
జార్లత్ చెప్పినంతగా ఏమీ మోగదు.
జిగురు తాగిన తల కదా, కాస్త మందంగా
"ఊఁ" అంటుంది.

మొన్న సింకు దగ్గర సబ్బుగిన్నె వెనక
పద్ధెనిమిదో పన్ను దొరికింది.
దానికి అంకె వేయలేదు.
కోటు జేబులో, తాళాలతో పాటు తిరుగుతోంది.