సవరం

ఆ కాయ దానంతటదే కొట్టుకొచ్చింది.
నేను చెట్టెక్కలేదు, కొయ్యలేదు, ఏ తోట కంచే దాటలేదు.
గుర్రపుడెక్క మధ్య మొహం తేలేసి
మా రేవుకే వచ్చి నా మోకాలికి తగిలింది.
కాలవ ఎవరిదీ కాదనుకున్నాను.
అప్పటికి నాకు పన్నెండు.

కాలవ ఆసామిదేనట. ఒడ్డున చెట్ల నీడలు కూడానట.
కొబ్బరి రాశి దగ్గర, వలుపు గునపాల మధ్య,
గెలలు కోసే కత్తితో
నా జడ మెడ దగ్గర తెగింది.
నొప్పి లేదు. అదే ఇప్పటికీ నాకు అర్థం కాదు.
తల తేలికైపోయి, ఎవరు ఎటు తిప్పితే అటు తిరిగింది.
దింపుకొచ్చిన మా చిన్నాన్న చెట్టు మీదే ఉన్నాడు.
కిందికి రాలేదు.
ఆ చెట్టు దిగి నా కళ్ళలోకి చూడ్డానికి
ఆయనకి పదకొండేళ్ళు పట్టింది.

ఇంటికొచ్చాక మాట రాలేదు.
బళ్ళో హాజరు పిలిస్తే చెయ్యెత్తేదాన్ని.
చర్చిలో అందరూ పాడుతుంటే పెదాలు కదిపేదాన్ని.
మా నాయనమ్మ సలోమి ఏమీ అడగలేదు.
రాత్రిళ్ళు గోరువెచ్చటి నూనె మాడున పోసి
అరచేత్తో తట్టీ తట్టీ,
నారుమడికి నీళ్ళు పెట్టినట్టు,
"పెరుగుద్దిలే కెజియా" అనేది.
జుట్టు సంగతో, నా సంగతో.

లాకులు కట్టేశారు. కాలవ ఎండింది.
అడుగున నెర్రెలిచ్చిన బురద, నత్తగుల్లలు, ఎవరిదో ఒంటి చెప్పు.
నా జడ కూడా అక్కడ ఉంటుందేమోనని
వంతెన మీంచి రోజూ వెతికాను.

వెంట్రుకలకి గిన్నెలిచ్చే సైకిలబ్బి
ఆ ఎండల్లో మూడుసార్లు వచ్చాడు.
మూడుసార్లూ ఉత్త సంచీతో పోయాడు.
"ఏటమ్మా, మీ పేటలో ఆడాళ్ళకి జుట్టు రాలడం మానేసిందా?"
"మానేసింది బాబూ, ఎల్లిరా," అంది రూతత్త.

కాలవకి నీళ్ళు వదిలిన రోజు
రేవు మెట్టు మీద నా పరికిణీ తడిసింది.
నీళ్ళేననుకున్నాను.

తాటాకు చాప మీద కూచోబెట్టారు.
పసుపు, చిమ్మిలుండలు, పాస్టరమ్మగారి పొడుగాటి ప్రార్థన.
కనకాంబరాలు మూరలు మూరలు తెచ్చారు.
ఎక్కడ పెడతారు? చెవులు దాటని జుట్టు.
ఎవరో ముక్కు చీదారు.

అప్పుడు సలోమి చూరులో చెయ్యి పెట్టింది.
ఇంటికో ఉండ చొప్పున అడిగి తెచ్చి, చిక్కు తీసి,
కుంకుడు నురగలో కడిగి
వేసవంతా నాకు తెలీకుండా అల్లిన సవరం.
అందులో సలోమి తెలుపు, మార్తమ్మ గోరింటాకెరుపు,
కువైట్ నుంచి మా అమ్మ కవర్లో పెట్టి పంపిన ఉంగరాల నలుపు,
దువ్వెన పళ్ళలో మిగిలిపోయిన ఏస్తేరు పిన్నిది కూడా.
ఆవిడ పోయి అప్పటికి రెండేళ్ళు.
రంగులు కలవలేదు. ఎవరూ కలపాలని చూడలేదు.

కట్టారు.
మెడ దానంతటదే నిటారుగా నిలబడింది.
"బరువుగా ఉంది," అన్నాను.
ఏడు నెలల తర్వాత నా నోటి మొదటి మాట.
ఇంకాస్త గొప్పదేదైనా అనుండాల్సింది.
ఆడాళ్ళందరూ ఒక్కసారి గొల్లుమన్నారు,
నవ్వో ఏడుపో విడదీసి చెప్పలేను.

తొమ్మిదో రోజు తలకి పోశాక
సవరం విప్పి పెట్టెలో పెట్టేశాను.
"అదేటే?" అంది సలోమి.
"అది దాచుకోడానికి నాయనమ్మా."
పొట్టి జుట్టుకి రెండు పిన్నులు గుచ్చుకుని
రాశి ముందునుంచే బడికి నడిచాను.
ఆసామి పేపరు చదువుతున్నాడు. తలెత్తలేదు.
ఎత్తుంటే బాగుండేది.

ఇప్పుడు నాకు నలభై ఒకటి.
జుట్టు భుజాల దాకానే. నా కత్తెర, నా కొలత.
దువ్వినప్పుడల్లా రాలింది వేలికి చుట్టి,
డాబా ఇంటికి చూరుండదు కాబట్టి,
కిటికీ ఊచ సందులో దోపుతాను.
పేటలో ఏ పిల్లకి ఎప్పుడు అవసరమొస్తుందో.