ఎన్నో నెల

అడిగినవ్ గదా స్వరూపా, ఎట్లుంటదని.
డిపోల నలుగురి ముంగట నోరు రాలే.
ఇగో, ఇప్పుడు చెప్తున్న.

పొద్దుగాల నిలవెట్టి
పొట్టమీద పెన్నుతోని గీతలు గీస్తడు డాక్టరు,
పొలం సర్వే చేసినట్టు.
సిగ్గువడకు. ఆయినె నిన్ను చూస్తలేడు,
హద్దులు చూస్తున్నడు.
"బరువు తగ్గుతదనుకోకమ్మా" అంటడు.
నిజమే. కాటా మీద రెండు కిలోలే తేడా.
పోవాలనుకున్నది బరువు గాదు నాకు,
"ఎన్నో నెలక్కా?" అనే మాట.

చిన్నోడు పదో తరగతికొచ్చిండు,
పరకాల బస్సుల జనం ఇంక నాకు సీటిస్తుండిరి.
టికెట్ మిషన్ పొట్టకు ఆనిచ్చి
ఏమనక కూసునేదాన్ని.
కూసునుడు గూడ ఒక అబద్ధమే.

మత్తు దిగంగనే దగ్గొస్తది. దగ్గకు.
దగ్గక తప్పదంటే
దిండు గట్టిగ అదుముకొని దగ్గు.
తుమ్మొస్తే మాత్రం దేవుడే దిక్కు.
అటొక ట్యూబు, ఇటొక ట్యూబు, కిందికి రెండు డబ్బలు,
ఎర్రనీళ్లు ఎంత నిండినయో
పొద్దుమాపు కాయితం మీద రాయాలె.
ట్రిప్ షీటు రాసినట్టే రాసిన నేను,
ఒక్క కొట్టివేత లేకుంట.

పది రోజులు నిటారుగ నిలవడలేవు.
నాట్లేసేదాని లెక్క వంగి పోవాలె
బాత్రూం దాక.
మా ఆయన చూసి నవ్విండు, నేనూ నవ్వబోయిన.
నవ్వొద్దు స్వరూపా.

లోపల కండలకు నడుమ
నాలుగేళ్ల సందు వడ్డదట,
ముగ్గురు పిల్లలు నూకిన తలుపులు.
దగ్గరికి గుంజి కుట్టిండు.
బొడ్డు ఉన్నకాన్నే ఉంటదట,
చుట్టు తోలు మారుతదట,
పాత ఇంటికి కొత్త దర్వాజ.

ఈ తుంటి నుంచి ఆ తుంటి దాక గీత,
వంకాయ రంగుది.
ఇప్పటికి ఎనిమిది నెలలు, ఇంక తెల్లవడలే.
దాని మీద సబ్బు రాస్తే
చేతికి తెలుస్తది, పొట్టకు తెల్వది.
అది నా పొట్టేనా అని
రెండుసార్లు రాసి చూసుకుంట.

మూడు నెలలు డ్యూటీకి వోలే, కుదుపులు వద్దన్నరు.
ఇప్పుడుగూడ ఆఖరి ట్రిప్పుల
ఆత్మకూరు దాటినంక
బెల్టు బిర్రయితది.
సీసీఎస్ లోను ఇంక ఇరవై రెండు కిస్తీలున్నది.

మొన్న రేగొండల ఎక్కింది ఆ ముసలవ్వ,
నన్ను కూసోవెట్టి తను కమ్మీ వట్టుకొని
నిలవడ్డ అవ్వ.
జీరో టికెట్ కొట్టిచ్చిన.
నా నడుం దిక్కు చూసింది,
మొఖమంత తెల్లారింది.
"పాపనా బిడ్డా, పిలగాడా?"

రాజీరన్న అద్దంల నన్నే చూస్తుండు.
నేను నోరు తెరిచేలోపు
కొంగుముడి ఇప్పి, ఇరవై రూపాల నోటు
నా బ్యాగుల ఏసింది.
"బుడ్డపానానికి ఏమన్న కొను."

రాత్రి డిపోల లెక్క అప్పజెప్తుంటే
ఇరవై ఎక్కువొచ్చింది.
క్లర్కు తలెత్తకుంటనే అడిగిండు,
ఎక్కడిదని.